కావలివానికి కూడు
అగ్ని హెచ్చరిక వ్యవస్థలు – ఆపత్కాలపు విద్యుత్తు

అమెరికాలోని తెలుగు సంఘాలలో, దేవాలయాలలో అనేకం అద్దె హాళ్ల దశను దాటి సొంత భవనాలు సమకూర్చుకొన్నాయి. కొన్ని కొత్తగా కట్టినవి, మరికొన్ని పాత గిడ్డంగులనూ దుకాణాలనూ కొని మార్చుకొన్నవి. పండుగనాడు అక్కడ వందలాది జనం చేరుతారు. వేదిక మీద పిల్లల నృత్యం సాగుతూ ఉంటుంది, వెనుక గదిలో భోజనాలు వేడెక్కుతూ ఉంటాయి, ఒక మూల పూజ జరుగుతూ ఉంటుంది. అదే భవనంలో ఎక్కడో, మడత కుర్చీల చాటున, గోడకు ఒక ఎర్రని లోహపు పెట్టె బిగించి ఉంటుంది. పొగను పసిగట్టే పరికరాలు, గంటలు, మిణికే దీపాలు అన్నీ తీగల ద్వారా వచ్చి చేరేది దానిలోనికే. ఆ పెట్టె అడుగుభాగంలో ఇటుకల పరిమాణంలో రెండు దిమ్మలు పక్కపక్కన కూర్చుని ఉంటాయి. వీధి కరెంటు పోయిన క్షణం నుండి ఆ భవనంలోని వారి ప్రాణాలకు పూచీ ఆ రెండు దిమ్మలదే.

భవనం కొనేటప్పుడు గోపురం ఎత్తు గురించి, వేదిక వెడల్పు గురించి, చందాల గురించి గంటల తరబడి చర్చలు జరుగుతాయి. ఆ రెండు బ్యాటరీలను ఏ సంవత్సరంలో పెట్టారు, చివరిసారి ఎవరు పరీక్షించారు అని కార్యవర్గాన్ని అడిగితే మాత్రం సమాధానం చెప్పగలిగినవారు అరుదు. కార్యవర్గాల ఆయుష్షు ఏడాదో రెండేళ్లో. బ్యాటరీ ఆయుష్షు నాలుగైదేళ్లు. బ్యాటరీని పెట్టించిన కార్యవర్గం అది చనిపోయేనాటికి పదవిలో ఉండదు. చనిపోయేనాడు ఉన్నవారికి అది పుట్టిన సంగతి తెలియదు. ఈ రెండు ఆయుష్షుల మధ్య ఉన్న తేడాయే అసలు ప్రమాదం. రసాయన శాస్త్రం ఈ సమస్యను వివరించగలదు గాని పరిష్కరించలేదు. పరిష్కారం సంఘాల చేతిలోనే ఉన్నది.

ఇరవైనాలుగు గంటల లెక్క

అగ్ని హెచ్చరిక వ్యవస్థకు రెండు విద్యుదాధారాలు ఉండాలన్నది నియమం. మొదటిది వీధి కరెంటు. అది పోయినప్పుడు మనిషి ప్రమేయం లేకుండా దానంతట అదే అందుకొనేది రెండవది. అమెరికాలో ఇందుకు ప్రమాణం నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ వారి 72వ నియమావళి. దాని ప్రకారం కరెంటు పోయిన తరువాత వ్యవస్థ 24 గంటలపాటు నిశ్శబ్దంగా కాపలా కాయగలగాలి. ఆ 24 గంటలూ గడచిన మీదట మంట పుట్టినా సరే, 5 నిమిషాలపాటు గంటలన్నిటినీ మోగించి, దీపాలన్నిటినీ వెలిగించగలగాలి. మాటలతో జనాన్ని బయటకు నడిపించే వ్యవస్థలయితే 15 నిమిషాలు. బ్రిటిష్ ప్రమాణం సాధారణంగా 24 గంటల కాపలా తరువాత అరగంట మోతను కోరుతుంది.

ఈ లెక్క వేయడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక చిన్న భవనంలోని వ్యవస్థ ఊరకే కాపలా కాస్తున్నప్పుడు 0.25 ఆంపియరు కరెంటు తీసుకొంటుందనుకొందాం. 24 గంటలకు 6 ఆంపియర్-గంటలు. గంటలు మోగేటప్పుడు 1.5 ఆంపియర్లు తీసుకొంటుందనుకొంటే 5 నిమిషాలకు 0.125 ఆంపియర్-గంట. మొత్తం 6.125. బ్యాటరీ వయసుతోపాటు బలం కోల్పోతుంది గనుక కనీసం ఐదోవంతు అదనంగా కలపడం పద్ధతి. అప్పుడు 7.35 అవుతుంది. అంగడిలో విరివిగా దొరికే 7 ఆంపియర్-గంటల బ్యాటరీ ఈ భవనానికి చాలదు. అంతకు పై పరిమాణం తేవాలి.

ఈ లెక్కలో గమనించదగిన విశేషం ఒకటి ఉన్నది. కావలివాని కూడులో 98 పాళ్లు కేవలం మెలకువగా ఉండడానికే ఖర్చయిపోతున్నది. కేక వేయడానికి మిగిలేది 2 పాళ్లు మాత్రమే. అయితే ఆ కేకకు కావలసిన కరెంటు కాపలా కరెంటుకు ఆరింతలు. అది కూడా రోజంతా ఉపవాసం ఉండి బలం ఉడిగిన తరువాత, చిట్టచివరన అడగబోయే కోరిక. బలహీనపడిన బ్యాటరీ 20 గంటలు సునాయాసంగా కాపలా కాసి, కేక వేయవలసిన నిమిషంలో చతికిలబడడానికి కారణం ఇదే.

భవనం విస్తరించినప్పుడు ఈ లెక్కను తిరిగి వేయాలి. కొత్త గది కట్టి నాలుగు గంటలు, ఆరు దీపాలు తగిలించినవారు బ్యాటరీని మాత్రం పాతదే ఉంచడం తరచుగా జరిగే పొరపాటు. పోనీ అని పెద్ద బ్యాటరీని తెచ్చి పెట్టడం కూడ ఆలోచించకుండా చేయదగినది కాదు. పెట్టెలోని ఛార్జరుకు ఒక పరిమితి ఉంటుంది. పూర్తిగా ఖర్చయిన బ్యాటరీని 48 గంటలలోగా తిరిగి నింపగలగాలని నియమావళి చెబుతున్నది. ఛార్జరు శక్తికి మించిన బ్యాటరీని తగిలిస్తే ఆ గడువులో అది నిండదు.

సీసం, ఆమ్లం, నీరు

పెట్టెలోని సూక్ష్మ విద్యుత్ పరికరాలు ఈనాటివి. వాటికి ప్రాణం పోసే బ్యాటరీ మాత్రం పందొమ్మిదవ శతాబ్దపు సృష్టి. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను ఒకదానికొకటి తగలకుండా చుట్టి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి, తిరిగి తిరిగి నింపుకోదగిన మొదటి బ్యాటరీని తయారుచేశాడు. 1881లో కమీల్ ఫోర్ సీసపు ఆక్సైడును ముద్దగా చేసి రేకుల మీద పూయడంతో అది పరిశ్రమకు పనికివచ్చే వస్తువయింది.

దీనిలోని రసాయన చర్య సరళమైనది. ధన ఫలకం మీద లెడ్ డయాక్సైడ్, ఋణ ఫలకం మీద మెత్తని సీసం, మధ్య సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. కరెంటు ఇచ్చేటప్పుడు రెండు ఫలకాలూ లెడ్ సల్ఫేటుగా మారుతాయి, ఆమ్లం పలచబడి నీరు పెరుగుతుంది. ఛార్జి చేసినప్పుడు ఇదంతా వెనుకకు నడుస్తుంది. ఒక్కొక్క ఘటం సుమారు 2 వోల్టులు ఇస్తుంది. ఆరు ఘటాలు కలిస్తే 12 వోల్టుల బ్యాటరీ, అటువంటివి రెండు వరుసగా కలిస్తే పెట్టెకు కావలసిన 24 వోల్టులు.

పాతకాలపు బ్యాటరీలకు అప్పుడప్పుడు నీరు పోయవలసి వచ్చేది. 1957లో జర్మనీలో ఓట్టో యాకె ఆమ్లాన్ని సిలికాతో కలిపి జిగురుగా మార్చి ఈ బెడదను తగ్గించాడు. 1970లలో ఆమ్లాన్ని సన్నని గాజుపోగుల చాపలో ఇంకించే పద్ధతి వచ్చింది. ధన ఫలకం వద్ద పుట్టిన ఆక్సిజన్ ఈ చాపలోని ఖాళీల గుండా ఋణ ఫలకాన్ని చేరి తిరిగి నీరవుతుంది. అందువల్ల నీరు పోయనక్కరలేదు. ఈనాడు ఎర్ర పెట్టెలలో ఎక్కువగా కనిపించేది ఈ రకమే. ఈ విద్యలో తెలుగువారి పాత్ర కూడ ఉన్నది. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి స్వదేశానికి తిరిగివెళ్లిన గల్లా రామచంద్ర నాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి సమీపాన ఈ తరహా బ్యాటరీలను తయారుచేసి పేరు తెచ్చుకొన్నది.

“నీరు పోయనక్కరలేదు” అన్న మాటను జనం “ఏమీ చేయనక్కరలేదు” అని అర్థం చేసుకొన్నారు. ఇక్కడే చిక్కు వచ్చింది. మూత బిగించిన ఈ బ్యాటరీకి కూడ మూడు రోగాలు తప్పవు. మొదటిది, ధన ఫలకానికి ఆధారమైన సీసపు జాలీ క్రమంగా ఆక్సైడుగా మారి ఉబ్బి పెళుసెక్కడం. రెండవది, ఆక్సిజన్ నీరుగా మారే ప్రక్రియ నూటికి నూరుపాళ్లు జరగనందున, జాలీ తుప్పు కూడ కొంత ఆక్సిజన్‌ను మింగివేస్తున్నందున, లోపలి తేమ ఏళ్ల తరబడి ఇంకిపోవడం. మూడవది, బ్యాటరీ ఖాళీగా చాలాకాలం పడి ఉంటే లెడ్ సల్ఫేట్ సన్నని రేణువుల రూపం వదలి పెద్ద స్ఫటికాలుగా గడ్డకట్టి, తిరిగి సీసంగా మారడానికి మొరాయించడం. ఈ మూడూ పెట్టె తెరవకుండా కంటికి కనిపించేవి కావు.

అఖండ దీపం న్యాయం

గర్భగుడిలో అఖండ దీపాన్ని కాపాడే అర్చకునికి ఒక నేర్పు తెలుసు. నూనె తగ్గితే వత్తి మాడుతుంది, మితిమీరితే ప్రమిద పొర్లుతుంది. తరుగుతున్నంతే పోస్తూ ఉండాలి. పెట్టెలోని ఛార్జరు చేసే పని కూడ ఇటువంటిదే. నిండిన బ్యాటరీ ఊరకే ఉన్నా తనలో తాను కొద్ది కొద్దిగా తరుగుతుంది. ఆ తరుగుదలను పూరించడానికి ఛార్జరు ఒక్కొక్క ఘటానికి 2.25 నుండి 2.30 వోల్టుల పీడనాన్ని నిరంతరం ఇస్తూ ఉంటుంది. రెండు బ్యాటరీల జతకు ఇది 27.0 నుండి 27.6 వోల్టులు. అంతకు తగ్గితే సల్ఫేట్ గడ్డకట్టడం మొదలవుతుంది. మించితే నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు పుట్టి, కవాటం తెరచుకొని బయటకు పోతాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకొంటుంది. మంటను కనిపెట్టవలసిన పెట్టెయే మంటకు కారణం కాకూడదు గనుక బ్యాటరీలున్న పెట్టెలకు గాలి ఆడే ఏర్పాటు అవసరం.

పైన చెప్పిన అంకెలు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సరైనవి. వేడి పెరిగినకొద్దీ ప్రతి డిగ్రీకీ ఘటానికి సుమారు 3 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించాలి. ఆ సర్దుబాటు లేని ఛార్జరు వేసవిలో బ్యాటరీని ఉడికిస్తుంది, చలికాలంలో పస్తు పెడుతుంది. అంతకంటె ముఖ్యం, రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రతతోపాటు ఎట్లా పెరుగుతుందో స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ 1889లో చెప్పిన సూత్రం. సీసపు బ్యాటరీల విషయంలో దాని ఫలితం స్థూలంగా ఇది: ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ ఆయుష్షు సగమవుతుంది. 25 డిగ్రీల వద్ద ఐదేళ్లు బ్రతకవలసినది 35 డిగ్రీల వద్ద రెండున్నరేళ్లే బ్రతుకుతుంది. టెక్సస్‌లోనో ఆరిజోనాలోనో గల్ఫ్ దేశాలలోనో చల్లదనం లేని గదిలో పెట్టిన పెట్టెకు పొరుగు ఊరి భవనంలోని బ్యాటరీ ఆయుష్షును ఆపాదించుకోవడం ఆత్మవంచన.

వోల్టు చెప్పే అబద్ధం

“మీటరు పెట్టి చూశాం, 13 వోల్టులు చూపించింది, బ్యాటరీ బాగానే ఉంది” అన్న మాట తరచుగా వినవస్తుంది. ఈ మాటలో ఉన్న పొరపాటు ప్రాణాంతకమైనది. వోల్టు అన్నది విద్యుత్తును నెట్టే పీడనానికి కొలత మాత్రమే. లోపల ఎంత నిల్వ ఉన్నదో అది చెప్పదు. పల్లెలలో చెరువు నిండినదీ లేనిదీ తూము దగ్గరి గుర్తును చూసి చెబుతారు. ఏళ్ల తరబడి పూడిక తీయని చెరువు కూడ వానాకాలంలో ఆ గుర్తు వరకు నిండుతుంది. చూడడానికి నిండు చెరువే. పొలాలకు వదిలితే మాత్రం సగం ఆయకట్టు తడవకముందే అడుగు తేలుతుంది. ముసలి బ్యాటరీ సరిగ్గా ఇటువంటి పూడిక చెరువు. పైగా ఛార్జరు తగిలి ఉండగా మీటరు చూపేది ఛార్జరు వోల్టేజినే గాని బ్యాటరీది కాదు.

చాలా పానెళ్లు బ్యాటరీ తీగ ఊడిపోతే పట్టుకోగలవు, వోల్టేజి మరీ పడిపోతే చెప్పగలవు. లోపలి నిల్వ సగానికి తగ్గిందని మాత్రం అవి తమంతట తాము కనిపెట్టలేవు. దానికి మార్గం ఒక్కటే. బ్యాటరీచేత పని చేయించి చూడాలి. తెలిసిన కరెంటును తీస్తూ ఎంతసేపు నిలబడుతుందో కొలవాలి. పేరుకు తగిన నిల్వలో 80 శాతం కంటె తక్కువ ఇచ్చిన బ్యాటరీకి కాలం తీరినట్లే లెక్క. అంతర్నిరోధాన్ని కొలిచే చేతి పరికరాలు కూడ ఉన్నాయి. అవి మాటమాత్రపు సూచన ఇస్తాయి, అనుమానం వచ్చినప్పుడు పూర్తి పరీక్ష తప్పదు.

వార్షిక తనిఖీ పత్రం గోడకు వేలాడుతున్నది గదా అని కొందరు అంటారు. ఆ పత్రం విలువను కాదనవలసిన పని లేదు. అయితే ఆ పత్రంలో బ్యాటరీకి ఎదురుగా ఉన్న గడిలో ఏమి వ్రాసి ఉందో చదివేవారెందరు? వోల్టేజి మాత్రమే వ్రాశారా, భారం పెట్టి పరీక్షించిన ఫలితం వ్రాశారా, తయారైన నెల, సంవత్సరం వ్రాశారా? ఈ మూడు ప్రశ్నలను తనిఖీకి వచ్చినవారిని అడగడానికి ఇంజనీరు కానక్కరలేదు. డబ్బు చెల్లిస్తున్న కోశాధికారి అడిగితే చాలు.

ఇంటి కప్పు మీది కీచురాయి

సంఘ భవనం సంగతి అటుంచి ఇంటి సంగతి చూద్దాం. అమెరికాలో ఇళ్లలో జరిగే అగ్నిప్రమాద మరణాలలో సుమారు అయిదింట మూడు వంతులు పొగ అలారం లేని ఇళ్లలోనో, ఉండీ పనిచేయని ఇళ్లలోనో సంభవిస్తున్నాయి. మోగవలసిన సమయంలో మోగని అలారాలలో అధిక భాగానికి కారణం బ్యాటరీ ఊడదీసి ఉండడం లేదా అయిపోయి ఉండడం.

ఊడదీయడానికి కారణం తెలుగు ఇళ్లలో ఎవరికీ వివరించనక్కరలేదు. ఎండుమిరపకాయల తాలింపు పొగకు అలారం గగ్గోలు పెడుతుంది. కుర్చీ ఎక్కి బ్యాటరీ లాగివేస్తారు, భోజనాలయిన తరువాత తిరిగి పెట్టడం మరచిపోతారు. సాంబ్రాణికి, హోమానికి కూడ ఇదే గతి. దీనికి మందు అలారాన్ని పొయ్యికి దూరంగా మార్చడం, వంటగదికి సమీపాన అయానీకరణ రకానికి బదులు కాంతితో పొగను గుర్తించే రకాన్ని పెట్టుకోవడం. వేపుడు పొగలోని అతిసూక్ష్మ కణాలకు మొదటి రకం త్వరగా చలిస్తుంది, రెండవది అంతగా చలించదు.

అయానీకరణ అలారంలో ఒక విచిత్రం ఉన్నది. దానిలోని అమెరీషియం-241 అర్ధాయుష్షు 432 సంవత్సరాలు. దానికి కూడు పెట్టే 9 వోల్టుల బ్యాటరీ ఆయుష్షు ఏడాది పైచిలుకు. శతాబ్దాలు నిలిచే పదార్థం నెలల్లో అయిపోయే పదార్థం మీద ఆధారపడి ఉన్నది.

అర్ధరాత్రి దాటిన తరువాతనే ఈ అలారం కీచురాయిలాగ కీచుమనడం ఎందుకు మొదలుపెడుతుందని విసుక్కోనివారు ఉండరు. దీనికి కారణం రసాయనికమే. అలారం కొద్ది కొద్ది సేపటికి బ్యాటరీ మీద చిన్న భారం పెట్టి పరీక్షించుకొంటుంది. తెల్లవారుజామున ఇల్లు బాగా చల్లబడుతుంది. చల్లదనానికి బ్యాటరీ లోపలి చర్యలు మందగించి అంతర్నిరోధం పెరుగుతుంది. పగలు ఆ పరీక్షలో అత్తెసరుగా నెగ్గిన బ్యాటరీ రాత్రి ఓడిపోతుంది. సూర్యోదయమయ్యాక మళ్లీ నెగ్గి నిశ్శబ్దమవుతుంది. “తనంతట తానే బాగయింది” అనుకొని మరచిపోవడం సహజం. నిజానికి అది చావుకు ముందు ఇచ్చిన నోటీసు. ఒక చిన్న పరికరం తన బ్యాటరీని భారం పెట్టి పరీక్షించుకొంటూ ఉండగా, వందలాది మందిని కాపాడే పెట్టెకు ఆ పరీక్ష ఏళ్ల తరబడి జరగకపోవడం ఎంత విడ్డూరం!

ఆపదలు జంటగా వస్తాయి

కరెంటు పోవడం అరుదు, మంట పుట్టడం అరుదు, రెండూ ఒకేసారి జరగడం మరీ అరుదు కదా అని తర్కించేవారు ఉన్నారు. ఈ తర్కం రెండు సంఘటనలకూ సంబంధం లేదన్న ఊహ మీద నిలబడింది. ఆ ఊహ తప్పు. మంట విద్యుత్ తీగలను కాల్చి తానే కరెంటును తీసివేయగలదు. కరెంటు పోయినప్పుడు జనం కొవ్వొత్తులు వెలిగిస్తారు, నెగళ్లు వేస్తారు, జనరేటర్లు తెచ్చి నడుపుతారు.

1991 ఫిబ్రవరి 23 రాత్రి ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో 22వ అంతస్తున మంట పుట్టింది. కారణం అవిసె నూనెలో తడిసిన గుడ్డపీలికలు. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ ఆరుతుంది, ఆ చర్యలో వేడి పుడుతుంది, కుప్పగా పోసిన గుడ్డలలో ఆ వేడి బయటకు పోలేక దానంతట అదే నిప్పవుతుంది. భవనానికి విద్యుత్తు మోసుకువచ్చే ప్రధాన తీగలూ, వాటికి తోడుగా ఉన్న రెండవ వరుస తీగలూ ఒకే నిలువు గూటిలో నడచినందున రెండూ కలిసే దెబ్బతిన్నాయి. ఆపత్కాలపు జనరేటరు నమ్మదగిన రీతిలో పనిచేయలేదు. భవనం చీకటయింది, లిఫ్టులు, పంపులు నిలిచిపోయాయి. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. 18 గంటలకు పైగా మండిన ఆ మంట చివరకు ఆగింది 30వ అంతస్తున, అక్కడ అమర్చి ఉన్న స్వయంచాలక నీటి జల్లుల వద్ద. ఆపత్కాలానికి అని పేరు పెట్టినంత మాత్రాన ఏ వస్తువూ ఆపత్కాలంలో పనిచేయదన్న పాఠం అప్పుడు చాలా ఖరీదుగా నేర్వవలసి వచ్చింది.

24 గంటల హద్దును కూడ పరమ సత్యంగా తీసుకోరాదు. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాలలోనూ కెనడాలోని ఆంటారియోలోనూ సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. కొన్నిచోట్ల అది తిరిగి రావడానికి ఒక రోజుకంటె ఎక్కువే పట్టింది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ మంచు తుఫానులో లక్షలాది ఇళ్లు రోజుల తరబడి చీకట్లో, గడ్డకట్టే చలిలో ఉన్నాయి. డాలస్, హ్యూస్టన్ ప్రాంతాలలోని వేలాది తెలుగు కుటుంబాలు ఆ చలిని చవిచూశాయి. వెచ్చదనం కోసం ఇంటిలోపల బొగ్గులు కాల్చినవారిలో, గరాజులో కారు నడిపినవారిలో కొందరు కార్బన్ మోనాక్సైడుకు బలయ్యారు. అటువంటి చలిలో సీసపు బ్యాటరీ శక్తి కూడ తగ్గుతుంది. సున్నా డిగ్రీల వద్ద దానికి తన పూర్తి నిల్వను ఇవ్వడం సాధ్యం కాదు. రెండవ రోజుకు చేరిన చీకటి భవనంలో ఎర్ర పెట్టె ఉన్నా లేనట్లే. అప్పుడు మనుషులే వంతులవారీగా తిరుగుతూ కాపలా కాయాలి, లేదా భవనాన్ని మూసివేయాలి. ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాలో ముందుగానే వ్రాసి పెట్టుకోవాలి.

లిథియం వస్తే సరిపోదా?

సీసాన్ని వదలి లిథియంకు మారితే ఈ బాధలన్నీ తీరవా అని చదువుకొన్నవారే అడుగుతున్నారు. ఇంటి అలారాల విషయంలో ఈ మాటలో సత్యమున్నది. పదేళ్లు నడిచే లిథియం బ్యాటరీని ఊడదీయ వీలులేకుండా లోపలనే బిగించిన అలారాలు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి. బ్యాటరీతో నడిచే కొత్త అలారాలు ఇటువంటివే కావాలని కాలిఫోర్నియా 2014లో, న్యూయార్క్ రాష్ట్రం 2019లో నియమం పెట్టాయి. పదేళ్లకు అలారాన్ని ఎలాగూ మార్చవలసిందే గనుక రెండు ఆయుష్షులూ సరిపోతాయి. ఊడదీసే చేతికి పని లేకుండా చేయడమే ఈ ఏర్పాటులోని అసలు తెలివి.

ఈ అలారాలలో ఉండేది తిరిగి ఛార్జి చేయని లిథియం బ్యాటరీ. ఫోనులలో, విద్యుత్ సైకిళ్లలో ఉండే లిథియం-అయాన్ బ్యాటరీ వేరు. రెండవదానిలో మండగల ద్రావణం ఉంటుంది, అతిగా నింపినా దెబ్బతగిలినా వేడి అదుపు తప్పవచ్చు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణంలో పుట్టిన మంట, పొగ పై అంతస్తులలోని హోటలును కమ్మి ఎనిమిది మందిని బలిగొన్నాయి. న్యూయార్క్ నగరంలో 2023లో లిథియం-అయాన్ బ్యాటరీల మంటలలో 18 మంది మరణించారు. సీసపు బ్యాటరీకి తగినట్లు తయారైన ఛార్జరుకు వేరొక రసాయనంతో నడిచే బ్యాటరీని తగిలించడం సాహసం. పానెల్ తయారీదారు అనుమతించిన రకాన్నే వాడాలి. సీసపు బ్యాటరీ చౌక, పరిచితం, దాని గుణదోషాలు నూటయాభై ఏళ్లకు పైగా తెలిసినవి. దానికి కావలసినది వారసుడు కాదు, సంరక్షకుడు.

ఎవరి పని?

ఒక జత బ్యాటరీల ధర కొన్ని పదుల డాలర్లు. ఒక పండుగనాడు వేదిక మీది పూల అలంకరణకు అంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. కాబట్టి డబ్బు అడ్డంకి అనడానికి వీలు లేదు. నైపుణ్యం కూడ అడ్డంకి కాదు. ఏ తెలుగు సంఘంలోనూ ఇంజనీర్లకు కొదువ లేదు. “అందరూ ఇంజనీర్లే గనుక ఎవరో ఒకరు చూసి ఉంటారు” అన్న ధీమాయే అడ్డంకి. పదిమంది పాము చావదన్న సామెత ఊరకే పుట్టలేదు.

అందువల్ల ప్రతి సంఘమూ, దేవాలయమూ చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. భవన భద్రతకు పేరు పెట్టి ఒక బాధ్యుని నియమించాలి, కార్యవర్గం మారినప్పుడు ఖాతా పుస్తకాలతోపాటు బ్యాటరీల తేదీలు వ్రాసిన పుస్తకాన్ని కూడ అప్పగించాలి. ప్రతి బ్యాటరీ మీద తయారైన నెల, సంవత్సరం చెరగని సిరాతో కనబడేటట్లు ఉండాలి. ఏడాదికొకసారి భారం పెట్టి పరీక్షించాలి; పరీక్షలో నెగ్గినా సరే, నాలుగైదేళ్లు నిండగానే, వేడి ప్రాంతాలలో ఇంకా ముందుగానే, జతగా మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలపడం తగదు. వరుసలో బలహీనమైనదే మొత్తం బలాన్ని నిర్ణయిస్తుంది. తీసివేసిన వాటిలో ఉన్నది విషపూరితమైన సీసం గనుక చెత్తలో వేయక తిరిగి కరిగించే కేంద్రానికే చేర్చాలి. ఇవన్నీ లైసెన్సు ఉన్న పనివారిచేత చేయించవలసినవే. చేయించడం మాత్రం బాధ్యుని విధి.

అన్నిటికంటె ముఖ్యమైనది పెట్టె మీది పసుపు దీపం. విద్యుత్తులోనో బ్యాటరీలోనో లోపం ఉన్నప్పుడు అది వెలుగుతుంది, సన్నని కూత కూడ వినిపిస్తుంది. కార్యక్రమం మధ్యలో ఆ కూత చికాకు కలిగిస్తే మీట నొక్కి ఆపివేస్తారు. దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. నెలల తరబడి వెలిగే పసుపు దీపం గోడకు పట్టిన అలంకారమైపోతుంది. ఆ దీపం వెలుగుతున్న భవనంలో తరువాతి కార్యక్రమానికి తలుపులు తెరవరాదన్న ఒక్క నియమాన్ని సంఘాలు తమ నిబంధనావళిలో చేర్చుకొంటే మిగిలిన నియమాలు వాటంతట అవే అమలవుతాయి.

ఇళ్లకు మరింత సులభమైన మార్గం ఉన్నది. అమెరికాలో గడియారాలు మార్చే రెండు ఆదివారాలు మార్చిలోనూ నవంబరులోనూ వస్తాయి. అప్పుడే అలారాలను కూడ పరీక్షించుకోమని అగ్నిమాపక శాఖలు చాలాకాలంగా చెబుతున్నాయి. తెలుగువారికి ఆ రెండు కాలాలకూ దగ్గరలోనే ఉగాది, దీపావళి వస్తాయి. ఉగాదినాడు పంచాంగంతో పాటు అలారం వెనుక ముద్రించిన తేదీని కూడ చూడవచ్చు. దీపావళికి ప్రమిదలు వెలిగించే ముందు ప్రతి గదిలోనూ అలారం మీట నొక్కి మోత వినవచ్చు. దీపాలు వెలిగించే రోజు అగ్నిని గౌరవించే రోజు కూడ. దానికి ఇంతకంటె తగిన ఆచారం మరొకటి ఉండదు.

ఇల్లు కాలుతుండగా బావి తవ్వేవానిని చూసి లోకం నవ్వుతుంది. బావి తవ్వి, అందులో నీళ్లున్నాయో లేవో ఏళ్ల తరబడి తొంగిచూడనివాడు అంతకంటె వివేకవంతుడేమీ కాదు. ఎర్ర పెట్టె కొన్ననాడు బావి తవ్వినట్లయింది. ఇక మిగిలినది తొంగిచూడడమే. వచ్చే కార్యవర్గ సమావేశం చర్చనీయాంశాలలో అది మొదటి అంశం కావాలి.